రంగం వెళ్ళినవాళ్ళకి రికార్డు లేదు

మా వంశంలో సముద్రం దాటినవాళ్ళు ఇద్దరు. మా ముత్తాత అన్నగారు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి, చెరకు తోటల్లో పనికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మా తాతయ్య రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళాడు, పదిహేనేళ్ళకి పైగా అక్కడి రేవులో బస్తాలు మోశాడు, 1942లో నడిచి వచ్చాడు. మొదటాయన్ని చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, ఫొటో లేదు, ఉత్తరం లేదు, అయినా ఆయన నుదుటి మీద ఏ పక్కన మచ్చ ఉండేదో నేను కాగితం చూసి చెప్పగలను. రెండో ఆయన ఒళ్ళో కూర్చుని పెరిగాను, ఆయన చేతి అన్నం తిన్నాను, కానీ ఆయన బర్మాలో ఒక్క రోజైనా ఉన్నట్టు అక్కడ రాసిన కాగితం ఒక్కటంటే ఒక్కటి నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మొదట్లో నా వెతుకులాటే సరిగ్గా లేదనుకున్నాను. తర్వాత తెలిసింది, నేటాల్ వెళ్ళినాయన ఒప్పంద కూలీ, ఐదేళ్ళకి ఒక యజమానికి కట్టుబడ్డ మనిషి, కాబట్టి ఆయన్ని రాసి పెట్టుకోవాల్సిన అవసరం వాళ్ళకి ఉంది. తాతయ్య టిక్కెట్టు డబ్బు మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని ఓడ డెక్కు మీద కూర్చుని వెళ్ళిన మామూలు ప్రయాణికుడు, ఆయన పేరుతో ఎవరికీ పని లేదు. అంటే మనకి దొరికే రికార్డు మన పూర్వీకుల మీద గౌరవంతో రాసింది కాదు, వాళ్ళ మీద హక్కు ఉన్నవాళ్ళు రాసుకున్న లెక్క. ఎంత గట్టిగా కట్టేస్తే అంత వివరంగా రాశారు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే, వలస వెళ్ళిన కుటుంబాల చరిత్ర వెతకడంలో ఇంట్లో ముసలివాళ్ళు చెప్పే కథకి మనం ఇచ్చే విలువ పూర్తిగా మారిపోవాలి. నేను ఇక్కడ వాదించేది అదే.

ముందు నేటాల్ సంగతి. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న డర్బన్ రేవుకి చేరింది. అప్పట్నుంచి 1911లో ఈ వలస ఆగిపోయేదాకా నేటాల్‌కి వెళ్ళిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది, వాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఈ ఓడ జాబితాలని డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంవాళ్ళ గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ కంప్యూటర్లోకి ఎక్కించింది కాబట్టి ఇంట్లో కూర్చునే వెతకొచ్చు. లక్షన్నర మంది పేర్లు రాసిపెట్టిన ఇలాంటి జాబితా ఉందని తెలిసిన రోజు రాత్రి నేను నిద్రపోలేదు.

కానీ వెతకడం మొదలెట్టాక అసలు కష్టం బయటపడింది. మా పెద్ద ముత్తాత పేరు ఇక్కడ రాయను, మా జిల్లాలో వీధికి ఇద్దరికి ఉండే పేరది. ఇంటిపేరుతో వెతుకుదామంటే జాబితాలో ఇంటిపేరు అనే గడే లేదు. ఊరి పేరుతో వెతుకుదామంటే, తెలుగు రాని గుమస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు, ఆ చేతిరాతని నూరేళ్ళ తర్వాత ఇంకొకరు చదివి టైపు చేశారు. మా ఊరు బొబ్బిలి దగ్గర. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది, 1979లో విజయనగరం జిల్లా అయింది. ఊరు కదల్లేదు, మూడు జిల్లాలు మారింది. ఇది తెలియక నేను మొదటి నెలంతా లేని జిల్లా పేరుతో వెతికాను. ఇంగ్లీషు రికార్డుల్లో శ్రీకాకుళం చికాకోల్, కాకినాడ కోకనాడ, భీమునిపట్నం బిమ్లీపటం. ఇవి పెద్ద ఊళ్ళు కాబట్టి గుర్తుపట్టగలం, ముప్పై గడపల పల్లెకి ఏ దిక్కూ లేదు. నాకు పనికొచ్చిన ఉపాయం ఒక్కటే, స్పెల్లింగులు పోల్చుకోవడం మానేసి ఒక్కో ఊరి పేరు గట్టిగా బయటికి చదవడం. చదువుతుంటే ఒక్కోసారి నోట్లోంచి మన ఊరే వచ్చేస్తుంది.

అలా చదవగా చదవగా అదే పేరుతో, నమ్మదగిన వయసుతో, మా చుట్టుపక్కల ఊళ్ళలా వినబడే ఊళ్ళతో ముగ్గురు తేలారు. ముగ్గురిలో మావాడెవరు? తండ్రి పేరు ఇద్దరికి ఒకటే, మూడో ఆయనకి అర్థం కాని రాత. కాగితం అక్కడితో అయిపోయింది.

1998లో మా మామ్మ మాటలు ఒక క్యాసెట్టులో రికార్డు చేశాను. అప్పుడు నాకు ఇదంతా చరిత్ర అనే స్పృహ లేదు, కొత్తగా కొన్న టేప్ రికార్డర్ ఎలా పనిచేస్తుందో చూద్దామని ఆవిడ ముందు పెట్టానంతే. ఆ క్యాసెట్టులో ఒకచోట మామ్మ వాళ్ళ మామగారు చెప్పిన మాట చెబుతుంది: "ఆడు సిన్నప్పుడు సింతసెట్టు మీంచి పడ్డాడంట. నుదురు సీరుకుపోనాది ఎడమపక్క. ఆ మచ్చ సూసి ఎవులూ పిల్లనివ్వలేదు, అందుకే ఓడెక్కి పోనాడు." ఇరవై ఏళ్ళ పాటు ఈ మాటని నేను ముసలివాళ్ళ కబుర్లలో ఒకటిగా విన్నాను. ముగ్గురి పేర్ల ముందు కూర్చున్న రోజు అది గుర్తొచ్చి ఒంటి గుర్తుల గడి చూశాను. ఒకాయనకి మోకాలి మీద మచ్చ, ఒకాయనకి ఛాతీ మీద పుట్టుమచ్చ, మూడో ఆయనకి నుదుటి ఎడమ పక్కన గాయం మచ్చ. నా చేతులు వణికాయి.

మా బంధువుల్లో చదువుకున్నాయన ఒకరు దీన్ని ఒప్పుకోలేదు. ఆయన వాదన తేలిగ్గా తీసేసేది కాదు, కాబట్టి ఇక్కడ చెప్పాలి. నోటి మాట తరాలు మారేకొద్దీ వంగిపోతుంది, మచ్చలు అందరికీ ఉంటాయి, నువ్వు కావాలనుకున్నది నీకు కనిపించింది, రుజువు అంటే కాగితమే అన్నారు. నిజమే, నేను కోర్టులో ఆస్తి కోసం వాదిస్తుంటే ఈ మచ్చ చాలదు. కానీ ఒకటి చూడండి. మామ్మ ఈ జాబితా చూడలేదు, చూసినా ఇంగ్లీషు చదవలేదు, ఆవిడ చెప్పేనాటికి ఈ జాబితా మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఒకదానికొకటి తెలియని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే దాన్ని మనం ఏమంటాం? పైగా ఆ ఇద్దరిలో మనిషి ఎవరో తేల్చింది మామ్మ మాటే. కాగితం మూడు పేర్లు చూపించి ఊరుకుంది.

అన్నట్టు, కాగితంలో ఉన్నదంతా నిజం కూడా కాదు. వయసు దగ్గర గుమస్తా మొహం చూసి వేసిన అంకె ఉంటుంది. కులం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి, పొలం పని తెలిసినవాళ్ళు కావాలని తోటలవాళ్ళు అడిగేవాళ్ళు కాబట్టి వెళ్ళాలనుకున్నవాళ్ళు ఆ పనికి సరిపోయే కులం పేరు చెప్పుకున్న సందర్భాలున్నాయి, కొత్త దేశంలో పాత పేరు మోయడం ఇష్టంలేక మార్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈ మధ్య ఇలా వెతుక్కునేవాళ్ళలో కొందరు ఆ గడిలో తమకి నచ్చని కులం కనిపిస్తే, ఈ మనిషి మావాడు కాదని పక్కన పెట్టేసి గొప్పగా కనిపించే ఇంకో పేరుని తెచ్చి వంశవృక్షంలో అతికించుకుంటున్నారు. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది. నెలకి పది షిల్లింగుల కూలికి వెళ్ళి, ఒప్పందం అయిపోయాక కూడా అక్కడే ఉండాలంటే ఏడాదికి మూడు పౌన్లు, అంటే ఆరు నెలల కూలి, పన్ను కట్టాల్సొచ్చిన మనుషులు వాళ్ళు. 1895 చట్టంతో వచ్చిన ఆ పన్ను మీద 1913లో వేలమంది పని ఆపి రోడ్డెక్కితే, 1914లో గానీ పోలేదు. అలాంటివాళ్ళని నూరేళ్ళ తర్వాత మనవలే ఇంట్లోంచి గెంటేస్తే ఎలా?

ఇక తాతయ్య. మా ఊళ్ళో రంగూన్ అనరు, రంగం అంటారు. రంగం వెళ్ళినవాళ్ళు లేని ఇల్లు ఒకప్పుడు మా పల్లెలో లేదని మామ్మ అనేది. భీమిలిలోనో, విశాఖలోనో, కళింగపట్నంలోనో ఓడెక్కేవాళ్ళు. 1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షల పైచిలుకు, రంగూన్ నగరంలో ఉన్న 4 లక్షల మందిలో సగానికి పైగా మనవాళ్ళే. ఇంత పెద్ద వలసకి నేటాల్ లాంటి పేర్ల జాబితా లేదు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం, కాబట్టి అక్కడికి వెళ్ళడం విదేశానికి వెళ్ళడం కింద లెక్క కాదు. పాస్‌పోర్టు లేదు, ఒప్పంద పత్రం లేదు, ఓడవాళ్ళు డెక్కు ప్రయాణికులు ఇంతమంది అని తలలు లెక్కపెట్టుకున్నారు. జనాభా లెక్కల్లో ఇంటింటికీ తిరిగి రాసిన పేర్ల కాగితాలు, అంకెలు తేలాక ఉంచలేదు. వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళందరికీ పడిన పేరది, కోరంగి ఎక్కడుందో కూడా చూడని మా తాతయ్య కూడా అక్కడ కోరంగీయే.

అందుకే ఆయన కోసం పత్రికల మీద పడ్డాను. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914 నుంచి మద్రాసులో దినపత్రిక అయింది, అంతకుముందే 1902 నుంచి బందరులో కృష్ణాపత్రిక ఉంది. పాత సంచికలు కొన్ని స్కాన్ చేసినవి దొరుకుతాయి. అవి బొమ్మలు, అక్షరాలు కావు, కాబట్టి పదం కొట్టి వెతకలేం, ఒక్కో పేజీ తిప్పాల్సిందే. వెతకగలిగినా రంగం అనే మాట నాటకరంగం నుంచి విద్యారంగం దాకా ప్రతి పేజీలో తగులుతుంది. దీనికి భిన్నంగా ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయంవాళ్ళ ట్రోవ్, న్యూజిలాండ్‌వాళ్ళ పేపర్స్ పాస్ట్ ఉచితంగా, పదం కొడితే వెతికిపెట్టేలా ఉన్నాయి, రంగూన్ నుంచి వెళ్ళిన టెలిగ్రాం వార్తలు వాటిలో చాలా ఉన్నాయి. మా బొబ్బిలి మనిషి బతుకులో ఒక రోజు ఏం జరిగిందో తెలుసుకోవడానికి నేను ఆస్ట్రేలియా పల్లెటూరి పేపర్లు చదవాల్సి రావడం, మన పేపర్లని మనం ఇంకా ఆ స్థితికి తేకపోవడం, నాకు కోపం తెప్పించే విషయం. తెలుగు అచ్చు పేజీని మెషీన్‌తో చదివించడం ఇప్పుడు సాధ్యమే, పూనుకునేవాళ్ళు కావాలి.

అదే క్యాసెట్టులో మామ్మ ఇంకో మాట చెప్పింది: "ముందు బూమి ఊగిపోనాదంట. ఆ దెబ్బ మానకముందే కొట్లాట. మనోళ్ళని నరికేసినారంట, మీ తాత మూడు దినాలు బస్తాల ఎనకాల దాక్కున్నాడు." ఇంట్లో అందరం ఆవిడ రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తోందనుకున్నాం. భూకంపం ఏదో, కొట్లాట ఏదో, వయసైపోయింది కదా అని. పేపర్లలో చూస్తే, 1930 మే 5న పెగూ దగ్గర పెద్ద భూకంపం, రంగూన్ కూడా దెబ్బతింది. కూలి పెంచమని తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే ఓడ సరుకు కాంట్రాక్టర్లు వాళ్ళ బదులు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నారు, సమ్మె తేలి పాతవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చిన మే 26న, పని పోయిన బర్మావాళ్ళకీ వీళ్ళకీ గొడవ మొదలై ఊరంతా పాకింది, వందమందికి పైగా చనిపోయారు. భూకంపానికీ కొట్లాటకీ మధ్య సరిగ్గా మూడు వారాలు. ఒక గాయం మానడానికి పట్టేంత కాలం. మామ్మ ఏమీ కలపలేదు. ఆవిడ తేదీలు చెప్పలేదు కానీ వరస తప్పలేదు, ఆ వరస చెప్పినందువల్లే నేను పేపర్లో ఏ నెల తీయాలో తెలిసింది.

ఆ వార్తల్లో తాతయ్య పేరు లేదు. ఎవరి పేరూ లేదు. ఇంతమంది కోరంగీలు చనిపోయారని మాత్రం ఉంది. అదే పేజీలో ఏ తెల్ల దొరకి సెలవు మంజూరైందో, ఎవరి కుక్క ప్రదర్శనలో బహుమతి గెలిచిందో పేర్లతో సహా ఉంటుంది. ఆ కాలమ్ చదివి లేచి వెళ్ళి కాసేపు బయట నిలబడ్డాను.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది నడక పట్టారు. తాతయ్య చెప్పిన దారి నాకు చిన్నప్పుడు విన్నదే గుర్తుంది, పెద్ద ఏరు దాటాం, కొండ ఎక్కాం, నీళ్ళు లేవు, అటు దిగితే సముద్రం, అక్కడ పడవ, అక్యాబు, చిట్టగాంగు. మ్యాపు మీద పెడితే ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి తౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి వెళ్ళే దారి అది. వేలమంది అలాగే వెళ్ళారు, కలరాతో, దాహంతో దారి పొడవునా పోయారు. కనుమ పేరు తాతయ్యకి తెలియదు. నీళ్ళు ఎక్కడ లేవో తెలుసు.

మన దగ్గర ఆయన ఒక్కచోట కాగితమెక్కాడు, అది నేను అనుకోని చోట. మాది పాత జమీందారీ గ్రామం, 1948 చట్టం వచ్చి ఎస్టేట్లు పోయేదాకా సర్కారు అడంగల్లో మా వాళ్ళ పేర్లుండే అవకాశం లేదు. కానీ భూమి కొంటే దస్తావేజు రిజిస్టరవుతుంది, నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉంటుంది. 1938 నాటి ఒక క్రయ దస్తావేజులో, తాతయ్య పంపిన డబ్బుతో ముత్తాత కొన్న ఎకరం పల్లం గురించి రాస్తూ, కొడుకు రంగంలో కూలి చేసి పంపిన సొమ్మని లేఖరి ఒక ముక్క చేర్చాడు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, హద్దులు, అన్నీ తెలుగులో, తప్పు లేకుండా. అది చట్టానికి అవసరం లేని ముక్క. ముత్తాతే పట్టుబట్టి రాయించి ఉంటాడని నేను నమ్ముతున్నాను. రంగం వెళ్ళిన కుటుంబాలవాళ్ళు నన్నడిగితే ముందు ఇక్కడే చూడమంటాను. మన ఊళ్ళో కొన్న పొలంలో, కట్టిన పెంకుటింట్లో, గుడికి రాసిచ్చిన చందాలో ఆ డబ్బు జాడ ఉంటుంది.

దానికన్నా ముందు, ఇంట్లో ఎనభై దాటినవాళ్ళుంటే ఈ ఆదివారమే ఫోన్ పక్కన పెట్టి మాట్లాడించండి. ఏ సంవత్సరం అని అడగొద్దు, వాళ్ళకి తెలియదు, తెలియదని సిగ్గుపడి మాట ఆపేస్తారు. దానికి ముందేమైంది, తర్వాతేమైంది, అప్పుడు ఇంట్లో ఎవరు పుట్టారు, ఒంటి మీద దెబ్బలేమున్నాయి, ఏ రేవులో ఎక్కారు, ఎవరితో కలిసి వెళ్ళారు, ఇవి అడగండి. మధ్యలో సరిచేయొద్దు.

ఎవరితో కలిసి వెళ్ళారన్నది ఎంత ముఖ్యమో నాకు ఆలస్యంగా తెలిసింది. నేటాల్ జాబితాలో నంబర్లు వరసగా ఉంటాయి, ఒకే కుటుంబంవాళ్ళకి, ఒకే గుంపుగా వచ్చినవాళ్ళకి పక్కపక్క నంబర్లు పడతాయి. నేను మావాడు దొరికిన సంతోషంలో ఆ ఒక్క వరస కాపీ చేసుకుని వచ్చేశాను. ఏడాది తర్వాత మళ్ళీ తీసి పైనా కిందా చూస్తే, ఆయన వెనక నంబరు ఒక ఆడమనిషిది. వయసు పంతొమ్మిది, ఊరి పేరు మా పక్క ఊరిలా వినబడుతుంది. వందమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన ఉండేది కాబట్టి ఒంటరిగా వెళ్ళిన ఆడవాళ్ళూ చాలామంది ఉన్నారు. ఆవిడ ఆయన భార్యా, ఆయనతో కలిసి ఊరు వదిలిన మనిషా, ఓడెక్కేముందు కూలీలని ఉంచే డిపోలో పరిచయమైందా, ఊరికే వరసలో వెనక నిలబడిందా? ఎవరూ పిల్లనివ్వలేదనే మామ్మ మాట నిజమే అయుండొచ్చు, ఇవ్వకపోయినా వెళ్ళిన పిల్ల ఒకతె ఉండొచ్చు. ఆవిడ గురించి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, క్యాసెట్టు రెండు వైపులా మళ్ళీ విన్నాను.

వాళ్ళ సంతతి అక్కడ ఉంటే మా ఇంటిపేరుతో ఉండరు. ఇంటిపేరు ఓడ జాబితాలోనే పోయింది, చాలా కుటుంబాల్లో ముత్తాత పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. పత్రికల్లో వెతుకుదామంటే, గాంధీ 1903లో మొదలుపెట్టిన ఇండియన్ ఒపీనియన్ తొలినాళ్ళలో ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళంలో వచ్చింది, తెలుగులో రాలేదు. మనవాళ్ళు మద్రాసీల్లో కలిసిపోయారు. డర్బన్‌వాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకునేదాకా తెలుగువాళ్ళమని విడిగా చెప్పుకునే వేదిక వాళ్ళకి సరిగ్గా లేదు.

మా వంశవృక్షం కాగితంలో పెద్ద ముత్తాత పక్కన ఆవిడ పేరు పెన్సిల్‌తో రాశాను. మా బాబాయి చూసి "పెన్నుతో రాయొచ్చు కదరా" అన్నాడు. నేటాల్‌లో వలస కూలీల పెళ్ళిళ్ళు ప్రొటెక్టర్, అంటే ఆ కూలీల వ్యవహారాలు చూసే అధికారి, ఆఫీసులో రాయించుకునేవాళ్ళు, ఆ ఆఫీసు ఫైళ్ళు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఇద్దరి నంబర్లూ రాసి ఉత్తరం పెట్టాను. నాలుగు నెలలైంది. ఈలోగా పక్క ఊరు వెళ్ళి, ఆ పేరు గల ఆడపిల్ల వెళ్ళిపోయిన కథ ఏ ఇంట్లోనైనా ఉందేమో అడగాలి, అక్కడ తొంభై ఏళ్ళ ఆవిడ ఒకరున్నారట.